చిటికెడు బెంటొనైట్

మా మేనమామ రాజమండ్రి చుట్టుపక్కల చమురు బావుల దగ్గర మడ్ ఇంజనీరుగా పని మొదలుపెట్టి, తర్వాత కచ్‌కి వెళ్ళి ఒక బెంటొనైట్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ చూసి రిటైరయ్యాడు. మా అక్క భుజ్‌లో ఉంటూ గనుల లీజులకి పర్యావరణ నివేదికలు రాస్తుంది. ఇద్దరికీ కూడు పెట్టింది ఒకే మట్టి. కలిసినప్పుడల్లా దాని మీదే వాదులాట. అందులో ఒక విడత ఇది. నా మొగ్గు అక్కవైపే, దాచను. కానీ మావయ్య మాటలో పస ఉన్నచోట దాన్ని తగ్గించి రాయలేదు. ఆయన చేతులతో చేసిన పని అది. మేమిద్దరం కాగితాల మీద చూసినవాళ్ళం.

అక్క: మావయ్యా, మీ మట్టి కొనేవాళ్ళలో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. నూనె శుద్ధి చేసేవాళ్ళు "నూటికి ఒక పాలే వాడతాం" అంటారు. ఇనుప ఖనిజం పెల్లెట్లు చేసేవాళ్ళు "ఒక పాలు కూడా కాదు" అంటారు. చమురు బావులవాళ్ళు "నీళ్ళలో కాస్త కలుపుతాం" అంటారు. అందరిదీ చిటికెడే. మరి మాండ్వి, నఖత్రాణా, అబ్డాసా, లఖ్‌పత్ తాలూకాల్లో తవ్వి వదిలేసిన గోతులు ఎవరివి?

మావయ్య: పప్పులో ఉప్పెంత వేస్తావు? అది లేకుండా తిని చూడు. తక్కువ వాడతారు కాబట్టి తక్కువ సరుకని ఎవరన్నారు?

అక్క: తక్కువ సరుకని నేననలేదు. తక్కువ వాడతాం కాబట్టి మాకు లెక్కతో పని లేదంటున్నారే, అది నా బాధ.

మావయ్య: లెక్క దగ్గరికి తర్వాత వద్దాం. ముందు అదేం మట్టో సరిగా చెప్పుకోవాలి, నీ తమ్ముడు రాసుకుంటున్నాడు. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ అంతా లావా పారింది కదా, కచ్‌లోనూ పారింది. ఆ లావా, ఆ బూడిద నీళ్ళలో నాని నాని రూపు మారి మట్టయింది. అందులో అసలు ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. తెలంగాణలో నల్లరేగడి ఎండాకాలం బీటలువారి, తొలకరి పడగానే ఉబ్బి మూసుకుంటుందే, ఆ గుణం ఈ జాతి ఖనిజాలదే. రేగడిలో అది వేరే వాటితో కలిసి ఉంటుంది, బెంటొనైట్‌లో చాలామటుకు అదే. పలచని రేకులు రేకులుగా ఉంటుంది. ఒక్కో రేకు మందం ఒక నానోమీటరు. రేకుల మధ్య సోడియం ఉంటే నీళ్ళు దూరగానే అవి విడిపోతాయి, మట్టి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కాల్షియం ఉంటే ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, ఉబ్బు తక్కువ. మా బతుకంతా ఈ రెండింటి తేడా మీదే నడిచింది.

అక్క: ఆ తేడాని సోడాయాష్‌తో చెరిపేస్తారు కదా.

మావయ్య: చెరిపేయడమంటే అంత తేలిక కాదమ్మా. గని నుంచి వచ్చే మట్టి పచ్చిది, బరువులో మూడో వంతు దాకా నీళ్ళే ఉంటాయి. సోడాయాష్ పని చేయాలంటే ఆ తడి కావాలి. ఆరాక కలిపితే పైపైన పొడిలాగే ఉండిపోతుంది. నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు వేసి, మిషన్లో బాగా పిసికి, కుప్ప పోసి కొన్నాళ్ళు మాగనివ్వాలి. లోపలి కాల్షియం బయటికొచ్చి కార్బొనేటు అవుతుంది, దాని చోట్లో సోడియం కూర్చుంటుంది. ఎంత వెయ్యాలన్నది గనికో రకం. ఒకే గనిలో ఈ మూలకీ ఆ మూలకీ కూడా తేడా వస్తుంది. ఎక్కువైతే ఉబ్బు పెరగడం మాని పడిపోతుంది. మాగాక ఎండలో పలచగా పరిచి, ట్రాక్టరుతో తిరగేస్తూ ఆరబెడతాం. కచ్ ఎండ మాకు పైసా ఖర్చు లేని డ్రయ్యర్. వానాకాలం వచ్చిందంటే ఆ పని బందు, అందుకే జూన్‌లోపు కుప్పలు పోసి టార్పాలిన్లు కప్పుకోవాలి. ఆ తర్వాత రేమండ్ మిల్లు, 75 మైక్రాన్ల జల్లెడ దాటేంత మెత్తగా.

ఇక పరీక్ష. 350 మిల్లీలీటర్ల నీళ్ళలో 22.5 గ్రాములు. గట్టిగా గిలక్కొట్టి, 16 గంటలు నానబెట్టి, విస్కోమీటర్లో నిమిషానికి 600 చుట్ల మీద చూస్తే ముల్లు 30 దాటాలి. తర్వాత 100 పీఎస్ఐ ఒత్తిడిలో అరగంట వడకడితే కిందికి దిగే నీళ్ళు 15 మిల్లీలీటర్లు మించకూడదు. ముల్లు 29 దగ్గర ఆగితే లారీ వెనక్కే.

(ఈ అంకెలు చెప్పేటప్పుడు మావయ్య కుర్చీలో ముందుకి జరుగుతాడు. రక్తపోటు మాత్ర పొద్దున వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు గానీ ఇవి మాత్రం తడుముకోకుండా వస్తాయి.)

అక్క: ఇంత జాగ్రత్తా మట్టి బయటికొచ్చాకే మావయ్యా. అది వచ్చిన నేలకి ఏ పరీక్షా లేదు. సరే, వాడకం చెప్పండి.

మావయ్య: చమురు బావిలో డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ ఈ మట్టి కలిపిన నీళ్ళు, అదే మడ్, కిందికి పోయి, కోసిన రాతి ముక్కల్ని మోసుకుని పైకి వస్తాయి. మధ్యలో పంపు ఆగిందనుకో. మామూలు నీళ్ళయితే ఆ ముక్కలన్నీ జారి అడుగుకి చేరి డ్రిల్లుని పట్టేస్తాయి. బెంటొనైట్ కలిపిన నీళ్ళు కదలిక ఆగగానే పేరుకుంటాయి, ముక్కలు ఎక్కడివక్కడ వేలాడతాయి. పంపు వేయగానే మళ్ళీ పారతాయి. బావి గోడకి సన్నని పొరగా అంటుకుని నీళ్ళు భూమిలోకి ఇంకకుండా కూడా ఆపుతుంది. కింద గ్యాస్ ఒత్తిడి ఎక్కువగా ఉంటే మడ్‌కి బరువు కావాలి. దానికి మన మంగంపేట ముగ్గురాయి, బెరైటీస్, పొడిగొట్టి కలుపుతాం. నీటికి నాలుగు రెట్లకి పైగా బరువున్న రాయి అది. వట్టి నీళ్ళలో వేస్తే నిమిషాల్లో అడుగుకి దిగిపోతుంది. మంగంపేట రాయిని కచ్ మట్టి పైకెత్తి పట్టుకుంటుంది, గోదావరి కింద. బావిలో ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుంటే ఆర్పడానికి 65 రోజులు పట్టింది. ఆ మంట చూశాక మడ్ రిపోర్టులో ఒక్క అంకె కూడా కళ్ళు మూసుకుని రాయలేదు నేను.

పోలవరం సంగతో? నది అడుగున ఇసకలో లోతుగా కందకం తవ్వి, అందులో డయాఫ్రం గోడ పొయ్యాలి. తవ్విన ఇసక క్షణం నిలవదు. కందకం నిండా బెంటొనైట్ నీళ్ళు నింపి ఉంచితే గోడలు కూలకుండా ఆగుతాయి. తర్వాత కింది నుంచి ప్లాస్టిక్ కాంక్రీట్ పోసుకుంటూ వస్తారు, ఆ నీళ్ళు పైకి వచ్చేస్తాయి. ఆ కాంక్రీట్‌లోనూ బెంటొనైట్ ఉంటుంది, గోడ విరగకుండా కాస్త వంగడానికి. మొదటి గోడ 2020 వరదల్లో దెబ్బతింది. 2025 జనవరిలో కొత్తది మొదలుపెట్టారు. రెండుసార్లూ ఈ మట్టే. ఇది లేకుండా కట్టమను.

అక్క: కట్టలేరు. ఆ పనిలో మీ మట్టికి నేనూ దణ్ణం పెడతాను. కానీ పని అయిపోయాక ఆ మడ్ ఎక్కడికి పోతుంది? నగరాల్లో ఫ్లైఓవర్ల పైల్స్ వేసిన రాత్రి, వాడేసిన స్లర్రీని వాననీటి కాలవలోకి వదిలేయడం నేను చూశాను. నెమ్మదిగా కిందికి దిగి గడ్డకడుతుంది. తర్వాత వాన వస్తే వీధంతా నీళ్ళు.

మావయ్య: అది వాడినవాడి తప్పు. ఇసక వేరుచేసి మళ్ళీ వాడుకోవడానికి మిషన్లున్నాయి. మట్టినంటే ఎలా?

అక్క: ఇదే చెబుతున్నా. కాలవ పూడితే వాడినవాడి తప్పు. గొయ్యి మిగిలితే తవ్వినవాడి తప్పు. మధ్యలో శుద్ధి చేసి అమ్మినవాడు రెండువైపులా చేతులు దులుపుకుంటాడు.

మావయ్య: నేను దులుపుకున్నవి సోడాయాష్ చేతులేనమ్మా.

(ఇక్కడ ఇద్దరూ నవ్వారు. పెల్లెట్ల మాట కూడా కాస్త వచ్చింది. బైలడిలా ఖనిజం పొడి 267 కిలోమీటర్ల గొట్టంలో నీళ్ళతో కలిసి విశాఖకి వస్తుందని, అలాంటి పొడిని ఉండలు కట్టడానికి బెంటొనైటే మామూలు జిగురని మావయ్య చెప్పాడు. ఎక్కువ వేస్తే సిలికా పెరిగి ఉక్కువాళ్ళు ఒప్పుకోరు, అందుకే అక్కడ నిజంగానే చిటికెడు. అక్కకి దాంతో పేచీ లేదు. ఆమె అసలు గురి నూనె మీద.)

అక్క: కాకినాడ రేవులో, కృష్ణపట్నంలో ముడి పామాయిల్ దిగుతుంది. ఎర్రగా, చిక్కగా ఉంటుంది. అదే ప్యాకెట్‌లోకి వచ్చేసరికి లేత పసుపు. ఆ ఎరుపుని మింగింది మీ జాతి మట్టే. గుజరాత్‌దైనా, బయటి దేశానిదైనా.

మావయ్య: బ్లీచింగ్ ఎర్త్. దాని దారి వేరు. దానికి కాల్షియం రకమే మంచిది, ఉబ్బాల్సిన పని లేదు కదా. మట్టిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనో సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనో గంటల తరబడి ఉడికిస్తారు. రేకుల లోపలున్న అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుము కొంత కొంత కరిగి బయటికి వచ్చేస్తాయి. అవి పోయిన చోట్లలో సందులు మిగులుతాయి. మామూలుగా గ్రాముకి 60, 80 చదరపు మీటర్లుండే ఉపరితలం 200 దాటుతుంది, బాగా చేస్తే 300. ఇంకా ఉడికిస్తే రేకులే కూలిపోయి వట్టి సిలికా మిగులుతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడమే పనితనం. తర్వాత ఫిల్టర్ ప్రెస్‌లో కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. ఇది మనం కనిపెట్టింది కాదు, 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో, బవేరియావాళ్ళు మొదలుపెట్టారు. అంతకుముందు ముల్తానీ మట్టి లాంటివాటితో పని గడిచేది.

నూనె మిల్లులో ముందు కాస్త ఫాస్ఫారిక్ ఆమ్లంతో జిగురు తీస్తారు. ఆ తర్వాత వంద డిగ్రీల దగ్గర, గాలి తీసేసిన ట్యాంకులో, ఈ మట్టితో అరగంట కలిపి వడకడతారు. రంగు ఒక్కటే పోతుందనుకోకు. ఇనుము, రాగి జాడలు పోతాయి, మిగిలిన జిగురు పోతుంది, చెడిపోవడం మొదలైన పదార్థాలు పోతాయి. అవి ఉంటే ఆ పైన 250 డిగ్రీల దగ్గర ఆవిరితో వాసన తీసేటప్పుడు నూనె పాడవుతుంది. నిలవ ఉండదు. నువ్వు రంగు గురించి మాట్లాడుతున్నావు, నేను నిలవ గురించి.

అక్క: రంగు గురించి మాట్లాడకుండా ఎలా? ఆ ఎరుపు కెరోటిన్. ముడి పామాయిల్‌లో కిలోకి 500 నుంచి 700 మిల్లీగ్రాములు. ఒంట్లోకి వెళితే విటమిన్ ఎ అయ్యే పదార్థం. దాన్ని మట్టితో కొంత, వేడితో మిగతాది తీసేసి, ఆ తర్వాత ఎఫ్ఎస్ఎస్ఎఐ ప్లస్ ఎఫ్ గుర్తు కింద విటమిన్ ఎ కలిపి అమ్ముకోవచ్చంటుంది. తీయడానికి ఒక ఫ్యాక్టరీ, కలపడానికి ఇంకొకటి.

మావయ్య: ఎర్రనూనెతో పూరీలు వేయించి పెడితే నువ్వు తింటావా? పశ్చిమ ఆఫ్రికాలో తింటారు, బ్రెజిల్‌లో బాహియావాళ్ళు తింటారు. మన పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది, చుట్టూ తోటలున్నాయి. ఆ తోటలవాళ్ళ ఇళ్ళలో ఎర్రనూనె కూర చూపించు నాకు. తినేవాడు లేత నూనె అడుగుతున్నాడు, మిల్లువాడు చేస్తున్నాడు. మట్టి ఏం చేసింది?

అక్క: తినేవాడిని ఎవరూ అడగలేదు. లేత రంగు అలవాటు చేసింది కిందటి తరంలో డాల్డా డబ్బా. సరే, ఆ వాదన వదిలేస్తా, నాకు సాక్ష్యం లేదు. ఆమ్లం సంగతి చెప్పండి. కడిగిన నీళ్ళు ఎక్కడికి?

మావయ్య: సున్నం వేసి ఆమ్లం చంపి, అడుగున దిగిన మడ్డిని వేరు చేసి వదలాలి. బుద్ధున్నవాడైతే అందులోని అల్యూమినియం క్లోరైడుని అమ్ముకుంటాడు. మురికినీళ్ళ శుద్ధికి పనికొస్తుంది.

అక్క: "వదలాలి", "అమ్ముకుంటాడు". జరిగేది చెప్పండి.

మావయ్య: జరిగేది ఫ్యాక్టరీకో రకం. సున్నం దండిగా వేసేవాడున్నాడు, ఇన్‌స్పెక్షన్ రోజునే వేసేవాడున్నాడు. ఈ విషయంలో నీతో పోట్లాడను. ఆమ్లం పని చేసేవాళ్ళు నీళ్ళు కరువైన చోట పెట్టకూడదని అప్పుడే అన్నాను, ఎవరు వింటారు? కచ్‌లో ఏడాదంతా కురిసేదే తక్కువ. మనకి కోనసీమలో అంతకి చాలా ఎక్కువ పడుతుంది. కడగడానికి కక్కుర్తి పడితే మట్టిలో క్లోరైడు మిగిలిపోతుంది. దాంతో నూనెలో, ఆ ఎక్కువ వేడి దగ్గర, 3-ఎంసీపీడీ అనే చెడ్డ పదార్థం పుట్టడానికి సాయం చేసినట్టవుతుంది. యూరప్‌వాళ్ళు 2021 నుంచి పామాయిల్‌లో అది కిలోకి 2500 మైక్రోగ్రాములు దాటకూడదని గీత గీశారు. ఆ గీత పడ్డాక కొనేవాడు "మీ మట్టిలో క్లోరైడ్ ఎంత?" అని అడగడం మొదలెట్టాడు. అంతకుముందు తెల్లదనం ఒక్కటే అడిగేవాడు.

అక్క: అంటే కొనేవాడు అడిగితే మారతారు.

మావయ్య: వెంటనే మారతాం. అందులో దాపరికమేముంది?

అక్క: ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను. వాడేసిన మట్టి? రోజుకి వెయ్యి టన్నుల నూనె శుద్ధి చేసే మిల్లులో నూటికి ఒక పాలంటే పది టన్నుల మట్టి. అది బయటికి వచ్చేటప్పుడు పీల్చుకున్న నూనెతో వస్తుంది, బరువులో నాలుగో వంతు దాకా నూనే. అంత ఉపరితలం మీద పరుచుకున్న నూనెకి గాలి తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. దిబ్బల్లో అగ్గిపుల్ల లేకుండా పొగ వస్తుంది.

మావయ్య: వస్తుంది. నత్రజనితోనో ఆవిరితోనో బాగా ఊదితే నూనె తగ్గుతుంది. సాల్వెంటుతో తీస్తే ఇంకా తగ్గుతుంది. సిమెంటు కిల్న్‌లో పడేస్తే నూనె మండుతుంది, మట్టి సిమెంటులో కలిసిపోతుంది. దారులున్నాయి. లేనట్టు మాట్లాడకు.

అక్క: ఉన్నాయి, ఒప్పుకుంటున్నా. గనిలో మాత్రం ఏ దారీ లేదు.

మావయ్య: గని గురించి నువ్వు చెప్పేదంతా విన్నాను. నాది కూడా విను. బెంటొనైట్ కోసం కొండలు పేల్చరు. డైనమైట్ లేదు. పొర లోతు తక్కువ, ఎక్స్‌కవేటర్‌తో గీకి తీసేదే. గోతిలో వాననీళ్ళు నిలుస్తాయి. ఉబ్బే మట్టి కదా, కిందికి ఇంకనివ్వదు. కరువు ప్రాంతంలో పశువులకి నీళ్ళు.

అక్క: నిటారు గట్లున్న గోతిలో, దిగితే మోకాలిదాకా కూరుకుపోయే మట్టిలో, పశువులకి నీళ్ళా? మెట్లు కొట్టి, ఒకవైపు వాలుగా చేసి వదిలితే చెరువంటాను. ఊరికే వదిలేసిన దాన్ని చెరువనను. పైగా సారమున్న పైమట్టిని, దాని కింద పనికిరాని మట్టిని కలిపి ఒకే దిబ్బ పోసేస్తారు. ఆ దిబ్బ మీద గాండో బావర్ తప్ప ఏమీ మొలవదు. (గాండో బావర్ అంటే అక్కడివాళ్ళు మన సర్కారు తుమ్మని పిలిచే పేరు.) దుమ్ము సంగతి చెప్పనే లేదు. బెంటొనైట్‌లో స్ఫటిక సిలికా కొంత ఉంటుంది, మిల్లు దగ్గర బస్తాలు నింపేవాడు అదే పీలుస్తాడు, ముక్కుకి తువ్వాలు కట్టుకుని.

మావయ్య: తువ్వాలు నిజమే. డస్ట్ కలెక్టర్ పెట్టించాను గానీ, సంచి చిరిగితే మార్చేవాడు కాదు యజమాని.

అక్క: ఇప్పుడు అమెరికాలో వయోమింగ్ చూడండి. ఈ మట్టికి బెంటొనైట్ అని పేరు పెట్టిందే అక్కడి మట్టిని చూసి, 1898లో విల్బర్ నైట్ అనే ఆయన. ప్రపంచంలో పేరున్న సోడియం బెంటొనైట్ అక్కడిదే. అక్కడా పొర పలచనే, అక్కడా పైనుంచి గీకుడే. కానీ పైమట్టిని వేరే కుప్ప పోస్తారు. రెండో గొయ్యి తవ్విన మట్టితో మొదటి గొయ్యి పూడుస్తారు, మూడోదాంతో రెండోది. అలా జరుపుకుంటూ పోతారు. చివర పైమట్టి పరిచి గడ్డి విత్తనాలు చల్లుతారు. 1973లో చట్టం చేశారు. పూడ్చడానికి అయ్యే డబ్బుకి ముందే బాండు కట్టాలి, లేకపోతే పర్మిట్ లేదు. అదే మట్టి, అదే ఎక్స్‌కవేటర్.

మావయ్య: అదే మట్టి, కానీ అదే లీజు కాదు. అక్కడ ఒక్కో కంపెనీకి మైళ్ళ కొద్దీ నేల. ఇక్కడ మూడు హెక్టార్లు ఒకడిది, నాలుగు హెక్టార్లు ఇంకొకడిది. నాలుగు హెక్టార్లలో మొదటి గొయ్యి తవ్విన మట్టి ఎక్కడ పొయ్యను? ఉన్న చోటంతా మట్టి పొర మీదే. దిబ్బ పోసిన చోట తవ్వలేను, తవ్వే చోట పోయలేను. వయోమింగ్ పద్ధతికి జాగా కావాలమ్మా, మంచిబుద్ధి ఒక్కటే చాలదు.

(వాదనలో మావయ్య గెలిచిన చోటు ఏదన్నా ఉంటే ఇదే అనుకుంటాను. అక్క కూడా కాసేపు ఏమీ అనలేదు.)

అక్క: లీజులు అంత చిన్నవి ఎందుకయ్యాయి? బెంటొనైట్ మైనర్ మినరల్. రాష్ట్రం చేతిలోది. ఐదు హెక్టార్ల లోపైతే పర్యావరణ అనుమతి అక్కర్లేదన్న రోజుల్లో లీజుల్ని ముక్కలు చేసుకున్నవాళ్ళు తక్కువా? 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఎంత చిన్నదైనా అనుమతి తీసుకోవాల్సిందేనంది. అది ఇసక కేసే, కానీ మైనర్ మినరల్స్ అన్నిటికీ తగిలింది. అప్పటికే ముక్కలైనవి ముక్కలుగానే మిగిలాయి. ఒక్కో ముక్కకీ ఒక్కో రిపోర్టు. ప్రతి రిపోర్టులోనూ "ప్రభావం స్వల్పం" అని రాయమంటారు. ఒక్కదాన్నే చూస్తే స్వల్పమే. అన్నిటినీ పక్కపక్కన పెట్టే కాగితం నా బల్ల మీదికి రాదు.

మావయ్య: వచ్చినా డబ్బెవరిస్తారు? పూడ్చాలి, పైమట్టి విడిగా మొయ్యాలి, విత్తనాలు చల్లాలి. మట్టి ధర ఎంతో నీకు తెలుసు. అందులో లారీ బాడుగే సగం మింగుతుంది.

అక్క: ఇందాకటి మాటకి వస్తున్నా. నూటికి ఒక పాలు. లీటరు నూనెలో పట్టేది తొమ్మిది గ్రాముల మట్టి. ఆ మట్టి ధర రెట్టింపైందనుకోండి. లీటరు మీద పడేది పైసల్లో ఉంటుంది. ప్యాకెట్ కొనేవాడికి తెలియను కూడా తెలియదు. చిటికెడే కాబట్టి లెక్క అక్కర్లేదని మీరంటారు. చిటికెడే కాబట్టి లెక్క కట్టినా ఎవరికీ బరువు కాదని నేనంటాను. పెల్లెట్లకీ అంతే, బావికీ అంతే. బావి తవ్వడానికయ్యే ఖర్చులో బెంటొనైట్ బిల్లు ఏపాటి?

మావయ్య: నువ్వెప్పుడూ పర్చేజ్ మేనేజరు ఎదురుగా కూర్చోలేదు. నేను కూర్చున్నాను. ఆయన లీటరు చూడడు, ఏడాది చూస్తాడు. ఏడాదికి మూడు లక్షల టన్నుల నూనె, మూడు వేల టన్నుల మట్టి. కిలోకి రూపాయి తగ్గిస్తే ముప్ఫై లక్షలు. ఆ ముప్ఫై లక్షలు చూపించి ఇంక్రిమెంట్ తెచ్చుకుంటాడు. నేను గొయ్యి పూడ్చి కిలోకి రూపాయి ఎక్కువ అడిగితే, పూడ్చనివాడి దగ్గరికి పోతాడు. తినేవాడికి పైసలే, మధ్యలో ఉన్నవాడికి లక్షలు. నీ లెక్క రెండు చివర్లా సరిగ్గా ఉంది, నడుమ తేలిపోతోంది.

అక్క: అందుకే ఒక్కడు పూడిస్తే కుదరదు. అందరికీ ఒకే బాండు ఉంటే పూడ్చనివాడంటూ ఉండడు. క్లోరైడు విషయంలో జరిగింది అదే కదా. గీత పడ్డాక అందరూ కడిగారు.

మావయ్య: క్లోరైడుని గ్లాసులో కొలుస్తావు. గొయ్యి పూడ్చిందీ లేనిదీ ఎవరు కొలుస్తారు? నీలాంటివాళ్ళా? నీ ఫీజు ఇచ్చేది లీజుదారే.

అక్క: అది నిజం. అందుకే రాత్రుళ్ళు నిద్ర పట్టదు. కానీ గొయ్యి ఉపగ్రహానికి కనిపిస్తుంది మావయ్యా, క్లోరైడు కనిపించదు. కొలవడం కష్టమేం కాదు. కొలవమని అడిగేవాడు కావాలి.

మావయ్య: బాండు పెడితే పెద్ద కంపెనీ కడుతుంది. నాలుగు హెక్టార్లవాడు లీజు అమ్ముకుని పోతాడు. చిన్నవాళ్ళు పోవాలనా నీ కోరిక?

అక్క: కాదు. ముక్కలు కలవాలని. పక్కపక్క లీజులవాళ్ళు పది మంది కలిసి ఒకే ప్లాను వేసుకుంటే వయోమింగ్‌వాళ్ళకున్న జాగా మనకీ వస్తుంది. ఒకడి గొయ్యిలో ఇంకొకడి మట్టి. ఆ ముక్క మూడు నివేదికల్లో రాశాను. సంతకం పెట్టేవాడు లేడు.

మావయ్య: ఎలా అడిగావు?

అక్క: పచ్చదనం, భూగర్భ జలాలు, రాబోయే తరాలు...

మావయ్య: రాబోయే తరాలకి ఎవడు సంతకం పెడతాడే? గట్టు గురించి చెప్పావా?

అక్క: ఏ గట్టు?

మావయ్య: లీజు హద్దు నుంచి లోపలికి ఏడున్నర మీటర్లు తవ్వకూడదు. రూల్. అవతలివాడూ అంతే వదులుతాడు. ఇద్దరి మధ్యా పదిహేను మీటర్ల గట్టు, దాని కింద మంచి మట్టి, ఎవరికీ దక్కకుండా. ఇద్దరూ ఒప్పుకుని గనుల భద్రత డైరెక్టరేట్ అనుమతి తెచ్చుకుంటే అది తవ్వుకోవచ్చు. లెక్క కట్టు. రెండొందల మీటర్లకి రెండొందల మీటర్లు, నాలుగు హెక్టార్లు. చుట్టూ ఏడున్నర తీసెయ్. మిగిలేది నూట ఎనభై అయిదుకి నూట ఎనభై అయిదు. ఎంత పోయింది?

అక్క: 5,775 చదరపు మీటర్లు.

మావయ్య: ఏడో వంతు. రెండు మీటర్ల పొర అనుకుంటే పదకొండు వేల ఘనమీటర్ల మట్టి. రాయల్టీ కట్టి, పైమట్టి ఎత్తి, రోడ్డు వేసుకున్న లీజులోనే, ముట్టుకోకుండా వదిలేసిన మట్టి. ఆ ఒక్క కాగితం వాడి ముందు పెట్టు. పూడ్చే ఖర్చు అందులోంచి వస్తుందా రాదా వాడే చూసుకుంటాడు. రాబోయే తరాల సంగతి ఆఖరి పేజీలో రాసుకో.

అక్క: పొర రెండు మీటర్లు అన్నిచోట్లా ఎక్కడుంది మావయ్యా? నేను చూసిన వాటిలో సగం దాంట్లో సగమే.

మావయ్య: అయితే ఒక్క మీటరే వేసుకో. అయినా అయిదు వేల ఏడొందల చిల్లర. ఏదీ, ఆ కాగితం ఇలా తే. మూలల్లో రెండుసార్లు తీసేశావేమో చూద్దాం.